అరెకరం అమ్మి ఎంబీఏ చేయాలా?

ప్రశ్న: నా వయసు 23. ఖమ్మంలో బీకాం కంప్యూటర్స్ చదివాను, 72 శాతం వచ్చింది. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూస్తున్నాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, మెడికల్ షాపుల నుంచి వసూళ్ల లెక్క అన్నీ నా పనే. జీతం 19 వేలు. ఈ ఏడాది ఐసెట్‌లో (రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష) నాలుగు వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మావయ్యకు తెలిసిన కన్సల్టెన్సీ ఆయన ఒకరు బెంగళూరులో పీజీడీఎం (ఎంబీఏ లాంటి డిప్లొమా) సీటు ఉందని, రెండేళ్లకు 9 లక్షలని, వంద శాతం ప్లేస్‌మెంట్ అని చెబుతున్నారు. ఈ వారంలోపు 50 వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోమని రోజూ ఫోన్. నాన్న ఉన్న రెండెకరాల్లో అరెకరం అమ్మేద్దాం అంటున్నారు. అన్నయ్యేమో ఉద్యోగం మానకుండా డిస్టెన్స్‌లో చెయ్యమంటాడు. ఫ్రెండ్ ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయమంటుంది, నాకు ఇంగ్లిష్ అంటేనే టెన్షన్. మేము బీసీ-డి. అసలు నేను ఎంబీఏ చేయాలా? చేస్తే ఎక్కడ, ఏ స్పెషలైజేషన్?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: ముందు తొందరగా తేల్చాల్సింది ఒకటుంది. ఆ 50 వేలు కట్టకండి. వారం గడువు కాలేజీది కాదు, ఆ కన్సల్టెన్సీ ఆయనది. ఇలాంటి సీట్లకు చేర్పించినవాళ్లకు కాలేజీ కమిషన్ ఇస్తుంది. అందులో రహస్యమేమీ లేదు. మావయ్యకు తెలిసినాయన కాబట్టి మొహమాటం ఉంటుంది, అర్థమవుతుంది. ‘కౌన్సెలింగ్ అయ్యాక చెబుతానండీ’ అని ఊరుకోండి. నిజంగా డిమాండ్ ఉన్న కాలేజీ అయితే సీటు ఉంది రండి రండి అని రోజూ ఫోన్ చేయించదు.

ఈ జవాబు మీ చేతికి వచ్చేలోపే నాన్నగారు డబ్బు కట్టేసి ఉంటే కంగారు పడొద్దు. ఏఐసీటీఈ (సాంకేతిక, మేనేజ్‌మెంట్ కోర్సులను ఆమోదించే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న కాలేజీ అయితే, కోర్సు మొదలవకముందే సీటు వదులుకున్నవాళ్లకు ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజు వెనక్కి ఇవ్వాలన్నది నిబంధన. ఫోన్లో మాట్లాడి వదిలేయకండి. రద్దు చేసుకుంటున్నానని కాలేజీకే మెయిల్ పెట్టండి, కన్సల్టెన్సీకి కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అవి ఇచ్చాక రూల్ మీ పక్కన ఉన్నా తిరగాల్సింది మీరే.

ఇక ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ సంగతి. బ్రోషర్‌లో ఆ మాట పక్కన చిన్న అక్షరాల్లో ‘అసిస్టెన్స్’ అని ఉందేమో చూడండి. ఉద్యోగం వెతుక్కోవడానికి సాయం చేస్తామనడమే అది, ఉద్యోగం ఇప్పిస్తామని కాదు. ఒకవేళ నిజంగానే వంద శాతం అని రాసినా, ఎవరిలో వంద శాతం అని అడగాలి. ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకున్నవాళ్లలోనా, చేరినవాళ్లందరిలోనా? నమోదు కాకుండా కొందరిని ముందే పక్కన పెట్టేస్తే వంద శాతం సాధించడం కష్టమేం కాదు. తర్వాత సగటు జీతం. పదిమందిలో ఒకరికి 20 లక్షలు, తొమ్మిది మందికి మూడున్నర లక్షల చొప్పున వచ్చిందనుకోండి. సగటు 5 లక్షల 15 వేలు అవుతుంది. బ్రోషర్ మీద పడేది అదే. మీకు రాబోయేది మాత్రం ఎక్కువ అవకాశం ఆ మూడున్నరే. అందుకే సగటు వదిలేసి మీడియన్ అడగాలి, అంటే జీతాలను వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లది ఎంత అని.

మీడియన్ ఎవరు చెబుతారని అడగొచ్చు. కేంద్రం ఇచ్చే కాలేజీల ర్యాంకింగ్ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసుకున్న ప్రతి కాలేజీ తాను కేంద్రానికి ఇచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు ఎంతో నాకు అక్కర్లేదు, ఆ పీడీఎఫ్ కావాలి. అందులో ఆ ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అన్నవి పట్టికలో ఉంటాయి. రెండు, మూడు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకుని చూడండి. రోజూ డెబిట్, క్రెడిట్ చూసే మీకు పది నిమిషాల పని. ఆ పీడీఎఫ్ ఎక్కడుందని ఆ కన్సల్టెన్సీ ఆయన్నే అడగండి. ఆయన జవాబును బట్టి కూడా చాలా తెలుస్తుంది.

ఆ తర్వాత లింక్డ్‌ఇన్‌లోకి వెళ్లి, అదే కాలేజీలో రెండేళ్ల కిందట బయటికొచ్చిన బీకాం వాళ్లని వెతకండి. ఇంజనీర్లను కాదు, మీలాంటి వాళ్లను. ఇప్పుడేం చేస్తున్నారో చూడండి. ‘మేనేజ్‌మెంట్ ట్రైనీ’, ‘రిలేషన్‌షిప్ ఆఫీసర్’ అన్న హోదాల వెనక చాలాసార్లు ఉండేది బీమా పాలసీలు, క్రెడిట్ కార్డులు, డీమ్యాట్ ఖాతాలు అమ్మే టార్గెట్ ఉద్యోగం. అమ్మకాలు నీచమని నేననడం లేదు, మంచి సేల్స్ మనిషి ఎక్కడైనా బతుకుతాడు. కానీ ఆ ఉద్యోగానికి బీకాంతోనే తీసుకుంటారు. దానికోసం 9 లక్షలు ఎందుకు? ఇద్దరు ముగ్గురికి మెసేజ్ పెట్టి, కాలేజీ మీకు చూపించిన కంపెనీల్లో మీ బ్యాచ్ నుంచి ఎంతమంది చేరారు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని అడగండి. జవాబిచ్చేవాళ్లు మీరు అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు.

ఇప్పుడు అరెకరం. నాన్నగారి ప్రేమను నేను ప్రశ్నించను. కూతురి చదువుకు పొలం అమ్మడానికి సిద్ధపడ్డ మనిషికి దండం పెట్టాలి. కానీ లెక్క లెక్కే. ఫీజు 9 లక్షలు. ఉద్యోగం మానేస్తే రెండేళ్లలో పోయే జీతం 19 వేల చొప్పున 4 లక్షల 56 వేలు. అంటే హాస్టలు, భోజనం, ల్యాప్‌టాప్ కలపకముందే పదమూడున్నర లక్షలు. పొలం అమ్మకుండా లోన్ తీసుకున్నా చూద్దాం. ఏడాదికి సగం చొప్పున ఫీజు కట్టి, 11 శాతం వడ్డీ అనుకుంటే, కోర్సు అయి మరో ఏడాది మారటోరియం (వాయిదాలు కట్టక్కర్లేని గడువు) గడిచేసరికి అసలుకు దాదాపు రెండున్నర లక్షల వడ్డీ తోడవుతుంది. దాన్ని ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు ఈఎంఐ 19,600 చుట్టూ. ఇవాళ మీ జీతం మొత్తం! చదువయ్యాక మూడున్నర లక్షల ఉద్యోగం వస్తే చేతికి నెలకు పాతిక, ఇరవై ఆరు వేలు వస్తాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో గది అద్దె కట్టి, మిగిలిన దానిలో ఈ ఈఎంఐ ఎలా కడతారు?

బ్యాంకుకు వెళ్లండి, లోన్ కోసం కాకపోయినా సమాచారం కోసం. ఏడున్నర లక్షల దాకా విద్యా రుణాలకు ఆస్తి తనఖా మామూలుగా అడగరు, దాటితే అడుగుతారు. అయితే పేరున్న సంస్థలకు బ్యాంకుల దగ్గర విడి జాబితాలు ఉంటాయి. ఆ జాబితాలోని కాలేజీలో సీటొస్తే అంతకంటే పెద్ద మొత్తాన్నయినా తనఖా లేకుండా ఇస్తారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకానికీ ఇలాంటి జాబితానే ఉంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఆ జాబితాలోని సంస్థలో చేరితే, 10 లక్షల దాకా రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ బెంగళూరు కాలేజీ పేరు చెప్పి, ‘ఈ కాలేజీకి తనఖా లేకుండా ఇస్తారా సార్?’ అని మేనేజర్‌ను అడగండి. అక్కడ చదివినవాళ్లు అప్పు తీరుస్తున్నారో లేదో బ్యాంకుకు మనకంటే బాగా తెలుసు. బ్యాంకే నమ్మని చోట నాన్నగారి పొలం పెట్టడం నాకు నచ్చదు.

అలాగని ఎంబీఏ వద్దని అనడం లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ‘మెడికల్ షాపుల నుంచి వసూళ్ల లెక్క నా పనే’ అన్నది. ఫైనాన్స్ విద్యార్థుల ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్న అనుభవంతో చెబుతున్నా. మన రాష్ట్రాల్లో ఎంబీఏ ఫైనాన్స్ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక పెద్ద భాగం పేరు ‘వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్’ అనే ఉంటుంది, అంటే వ్యాపారం రోజువారీ నడవడానికి కావాల్సిన డబ్బును చూసుకోవడం. రేషియో అనాలిసిస్ రెండోది. హెచ్‌ఆర్ వాళ్లదైతే ‘ఉద్యోగుల సంతృప్తి’. కొన్ని కాలేజీల దగ్గర జిరాక్స్ షాపులోనే కంపెనీ పేరు మార్చి, స్పైరల్ బైండింగ్‌తో సహా ఇచ్చేస్తారు. ఆ రిపోర్టు ముందు పెట్టుకుని ‘ఈ కంపెనీకి బాకీలు ఎన్ని రోజుల్లో వసూలవుతున్నాయి?’ అంటే కుర్రాడు పేజీలు తిప్పుతాడు. ‘అది 30 రోజుల నుంచి 45 రోజులకు పెరిగితే ఏమవుతుంది?’ అంటే టైప్ చేసిన నిర్వచనం చదువుతాడు.

మీరు ఆ ప్రశ్నకు జవాబు రోజూ చూస్తున్నారు. మీ డిస్ట్రిబ్యూటర్‌కు నెలకు 60 లక్షల అమ్మకాలు ఉన్నాయనుకుందాం, అంటే రోజుకు 2 లక్షలు. షాపులవాళ్లు నెలకు కట్టాల్సింది నెలన్నరకు కడితే, అదనంగా 15 రోజుల డబ్బు, అంటే 30 లక్షలు బయట ఇరుక్కుపోతుంది. ఓనరు ఆ మేరకు బ్యాంకు క్యాష్ క్రెడిట్ (వ్యాపారానికి కావాల్సినప్పుడు వాడుకునే అప్పు) వాడుకుని 12 శాతం వడ్డీ కడితే ఏడాదికి 3 లక్షల 60 వేలు. నెలకు 30 వేలు, మీ జీతం కంటే ఎక్కువ. ఏ షాపుకు బిల్లు ఆపాలి, ఎవరికి ఇంకో వారం ఇవ్వొచ్చు, ఎవరు ఎక్స్‌పైరీ సరుకు క్రెడిట్ నోట్ రాలేదని వంక పెట్టి మొత్తం పేమెంట్ ఆపుతారు అన్నవి మీకు పేర్లతో సహా తెలుసు. అసలు సిసలు వర్కింగ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ ఇదే. 2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు, 12 కట్టి కొన్న స్టాకు గోడౌన్‌లో ఉండగా 5 శాతానికి బిల్లు కొట్టాల్సి వచ్చింది కదా. కొత్త ధరల జాబితాలు, క్రెడిట్ లెడ్జర్‌లో పేరుకున్న ట్యాక్స్, షాపులవాళ్ల ఫోన్లు. ఆ వారం మీ ఆఫీసులో ఏం జరిగిందో ఐదు నిమిషాలు చెప్పగలిగితే చాలు, ఏ ప్యానెల్ అయినా ముందుకు వంగి వింటుంది.

కాబట్టి ఎంబీఏ మీకు కొత్త తెలివి తెచ్చిపెడుతుందని ఆశించకండి. సగం పాఠం మీ లెడ్జర్‌లోనే ఉంది. రావాల్సినవి వేరే మూడు. మీ ఓనరు స్థాయి దాటి ఆలోచించే పెద్ద కంపెనీ గుమ్మం. మీకంటే చురుకైన అరవై మంది మధ్య రెండేళ్లు. ఇంకా, తెలిసింది నలుగురి ముందు నిలబడి చెప్పగలిగే ధైర్యం. ఈ మూడూ ఇచ్చే కాలేజీకి డబ్బు పెట్టొచ్చు, అప్పు కూడా చేయొచ్చు. ఇవి లేనిచోట ఫ్రీగా సీటిచ్చినా రెండేళ్లు దండగ. ఇదొక్కటే నా కొలబద్ద, మిగతావన్నీ దీన్నిబట్టే చెబుతున్నా.

అన్నయ్య చెప్పిన డిస్టెన్స్ దారి చెడ్డదేం కాదు. ఇగ్నో ఉంది, మన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. యూజీసీ డిస్టెన్స్ బ్యూరో గుర్తింపు ఉన్న ఎంబీఏకు రెగ్యులర్‌తో సమాన విలువ ఉంటుంది. ప్రమోషన్‌కు పీజీ కావాలన్నవాళ్లకు, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు అదే సరైంది. కానీ పైన చెప్పిన మూడూ అక్కడ రావు. మీ వయసుకు, మీ పరిస్థితికి అది మొదటి ఎంపిక కాదు, చివరికి చేతిలో ఉండేది.

ఐసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్లండి, చేరడానికి కాకపోయినా ఏ కాలేజీ వస్తుందో తెలుస్తుంది. పోయిన ఏడాది ఏ కాలేజీలో ఏ కేటగిరీకి చివరి ర్యాంకు ఎంతన్నది ఉన్నత విద్యామండలి పెట్టే జాబితాలో దొరుకుతుంది. ఉస్మానియా లాంటి యూనివర్సిటీ క్యాంపస్ సీట్లు చాలావరకు వందల్లో ర్యాంకులతోనే అయిపోతాయి, నాలుగు వేలకు అందవు. మిగిలే ప్రైవేటు అనుబంధ కాలేజీల్లో మంచివీ ఉన్నాయి. వాటినీ అదే మీడియన్ కళ్లతో చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అనుకుంటే, అది మీ ఫీజులో ఎంత భాగమో, బకాయిలు పడితే కోర్సయ్యాక సర్టిఫికెట్ల కోసం మిమ్మల్ని డబ్బు కట్టమంటారో ఆ కాలేజీ సీనియర్లను అడగండి. ఆఫీసు కౌంటర్లో అడిగితే వేరే జవాబు వస్తుంది.

నా మాటైతే, ఈ ఏడాది చేరకండి. ఉద్యోగం చేసుకుంటూ నవంబరులో క్యాట్ రాయండి, వచ్చే ఏడాది ఐసెట్ మళ్లీ రాయండి. ఏడాది పోతుందని ఇంట్లో అంటారు. జీతం వస్తూనే ఉంటుంది, చేరేనాటికి మీకు మూడేళ్ల అనుభవం ఉంటుంది. ఎంబీఏలో అనుభవం మార్కులు తెచ్చిపెడుతుంది, వయసు అడ్డం కాదు.

క్యాట్ అనగానే ఐఐఎం అహ్మదాబాద్ తలచుకుని భయపడేవాళ్లే ఎక్కువ. అది రెండు గంటల పరీక్ష. ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, డేటా చూసి తర్కించడం, లెక్కలు అని మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. ఈ మధ్య మొత్తం 66, 68 ప్రశ్నలే ఇస్తున్నారు. ఒప్పుకు మూడు మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే ఒకటి కోత. అందరూ మరిచిపోయే సంగతి ఏమిటంటే, ఇటీవలి పరీక్షల్లో సగం మార్కులకు అటూ ఇటూగా తెచ్చుకున్నవాళ్లకే 99 పర్సంటైల్ వచ్చింది, అంటే రాసినవాళ్లలో నూటికి 99 మందిని దాటారన్నమాట. అంటే అన్నీ చేసేవాళ్ల పరీక్ష కాదిది, ఏవి వదిలేయాలో తెలిసినవాళ్లది. బాకీదారుల్లో ఎవరి వెంట పడాలో, ఎవరిని వదిలేయాలో తేల్చుకునే మీకు ఈ విద్య కొత్త కాదు.

లెక్కల భాగంలో శాతాలు, నిష్పత్తులు, లాభనష్టాలు బాగా ఉంటాయి. ‘పదికి ఒకటి ఫ్రీ’ స్కీము చూడండి. షాపులవాళ్లు పది శాతం తగ్గింపు అనుకుంటారు. పది డబ్బాల ధరకు పదకొండు వస్తున్నాయి కాబట్టి అసలు తగ్గింపు 9.09 శాతమే. మీరు బిల్లులో రోజూ చూసేదే పరీక్షలో ప్రశ్నగా వస్తుంది. ఐసెట్‌లోనూ అంతే. అక్కడ 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకూడదు. ఇంత తేలిక సంగతి తెలిసి కూడా చివర్లో టైం చాలక వదిలేసేవాళ్లు ప్రతి ఏటా ఉంటారు.

ఇంగ్లిష్ టెన్షన్ గురించి. క్యాట్‌లో మిమ్మల్ని మాట్లాడమని ఎవరూ అడగరు, చదివి అర్థం చేసుకున్నారా అనే చూస్తారు. పెద్ద నవలలు పట్టుకోకండి. మీ వ్యాపారానికి దగ్గరున్నది చదవండి. మెడ్‌ప్లస్ వార్షిక నివేదిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ కంపెనీ స్థాపించిన గంగాడి మధుకర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివి, అమెరికాలో వార్టన్‌లో ఎంబీఏ చేసి, 2006లో హైదరాబాద్‌లో మందుల షాపుల గొలుసు మొదలుపెట్టారు. మీరు మందుల దుకాణాన్ని సప్లయర్ వైపు నుంచి చూస్తున్నారు, ఆ నివేదిక దుకాణం వైపు నుంచి చూపిస్తుంది. రోజుకు రెండు పేజీలు చాలు. స్టాకు ఎన్ని రోజులు నిలవ ఉంటోందన్న దగ్గర మీరే ఆగుతారు, డిక్షనరీ అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఇంటర్వ్యూ ఇంగ్లిష్ తర్వాతి మెట్టు. తెలిసిన విషయం మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్ ఎలాగో ఒకలా వస్తుంది, తెలియని విషయం మాట్లాడేటప్పుడే తడబడుతుంది.

క్యాట్ స్కోరుతో ఐఐఎంలు మాత్రమే కాదు, ఫీజు తక్కువున్న యూనివర్సిటీలూ తీసుకుంటాయి. మన గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకు క్యాట్ స్కోరే కావాలి. వరంగల్ ఎన్‌ఐటీ ఉంది, దాని అర్హత నిబంధనలు చూసుకోండి. ఢిల్లీ యూనివర్సిటీ ఎఫ్‌ఎంఎస్‌లో రెండేళ్ల ఫీజు కలిపి రెండున్నర లక్షల లోపే, కానీ అక్కడ పోటీ పాత ఐఐఎంలకు తీసిపోదు. ఐఐఎంలలో ఫీజు వేరే లోకం. అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా పాతిక లక్షలు దాటేశాయి, విశాఖ లాంటి కొత్తవి 15 నుంచి 20 లక్షల మధ్య. అంత అప్పుకు నేను ఒప్పుకుంటానా అంటే, ఒప్పుకుంటాను. అక్కడి మీడియన్ జీతం ఆ అప్పును మోస్తుంది, బ్యాంకు పొలం కాగితాలు అడగదు. పైగా చాలా ఐఐఎంలు ఎంపికలో అమ్మాయిలకు, ఇంజనీరింగ్ కానివాళ్లకు కొన్ని పాయింట్లు కలుపుతాయి. మీరు రెండూ. బీకాం కాబట్టి వెనకబడ్డానన్న ఆలోచన మానేయండి.

ఉద్యోగంతో ప్రిపరేషన్ అంటే పొద్దున రెండు గంటలు, ఆదివారం ఒక మాక్ టెస్ట్. నెలాఖరు క్లోజింగ్, జీఎస్టీ రిటర్నుల తేదీలప్పుడు పుస్తకం తెరవలేరు, అది ముందే అనుకోండి. అపరాధభావం పెట్టుకోకండి. మాక్ రాయడానికి రెండు గంటలు పడితే, ఎక్కడ టైం పోయిందో చూసుకోవడానికి ఇంకో రెండు గంటలు పెట్టండి. ఇరవై మాక్‌లు రాసి ఒక్కటీ తిరిగి చూడని వాళ్ల కంటే ఎనిమిది రాసి చీల్చి చూసినవాళ్లు ముందుంటారు. కోచింగ్ కావాలంటే వేలకు వేలు పోయాల్సిన పని లేదు, మాక్ సిరీస్ ఒకటి కొనుక్కుంటే ముందు సరిపోతుంది.

స్పెషలైజేషన్ ఇప్పుడే తేల్చక్కర్లేదు. మొదటి ఏడాది అందరికీ అన్నీ చెబుతారు, రెండో ఏడాదే ఎంచుకోవాలి. ఇవాళైతే నేను ఫైనాన్స్ వైపు మొగ్గుతాను, దానికి తోడు సప్లై చెయిన్. హైదరాబాద్‌లో మందుల కంపెనీలకు కొదవ లేదు. లెడ్జరూ గోడౌనూ రెండూ తెలిసిన మనిషి వాళ్లకు సులువుగా దొరకదు. బిజినెస్ అనలిటిక్స్ అని ప్రతి కాలేజీ బోర్డు పెడుతోంది. అందులో చాలాచోట్ల ఉన్నది ఎక్సెల్‌కు కొత్త చొక్కా. ఎక్సెల్‌లో పివట్ టేబుల్స్, కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో సమాచారం వెతికే భాష) ఈ ఏడాదే ఇంట్లో నేర్చుకోండి. మీ ఆఫీసు బాకీల జాబితాను 30, 60, 90 రోజుల వారీగా పివట్‌లో వేసి ఓనరుకు చూపించండి. మీ రెజ్యూమెలో మొదటి మంచి వాక్యం అదే అవుతుంది.

ఇంకో దారి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే బాగుండదు. మీకు నిజంగా ఇష్టం లెక్కలే అయితే, జనంతో వ్యవహారం కాదనుకుంటే, సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్) కోర్సు గురించి ఆలోచించండి. డిగ్రీ ఉన్నవాళ్లు నేరుగా ఆ కోర్సు రెండో దశ ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు. ఇంటర్, ఫైనల్ కలిపి సంస్థకు కట్టే ఫీజులు కోచింగ్ పక్కన పెడితే లక్ష లోపే. పాసవడం కష్టం, తేలికని చెప్పను. కానీ పేరులేని కాలేజీ ఎంబీఏ కంటే సీఎంఏ ఇంటర్ పాసయిన వాళ్లకు ఫైనాన్స్ డిపార్ట్‌మెంటులో గౌరవం ఎక్కువ.

ఒక్క పని మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. క్యాట్ దరఖాస్తులు ఆగస్టులో తెరిచి సెప్టెంబరులో మూసేస్తారు. మీరు బీసీ-డి అన్నారు. అది రాష్ట్రం జాబితా. ఐఐఎంలకూ సెంట్రల్ యూనివర్సిటీకీ కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ (సంపన్న శ్రేణి కానివాళ్లకు ఇచ్చే) సర్టిఫికెట్. కొన్ని కులాలు రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో ఉండవు, కాబట్టి మీ కులం పేరు కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే మీసేవలో దరఖాస్తు పెట్టండి. ఐసెట్‌కు వాడిన కుల ధ్రువపత్రం దీనికి పనికిరాదు. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఆదాయం విచారణ అయి వచ్చేసరికి వారాలు పట్టొచ్చు, ఊళ్లో నాన్నగారు ఒకసారి వెళ్లి అడిగితే త్వరగా కదులుతుంది.